నూరు శాతం నమ్మకమైన ఇంజను

మంగళవారం ఉదయం పది గంటలకు, టాన్‌గ్రాబెన్ స్టేషను ప్లాట్‌ఫారం మీద, ఊరి బ్యాండు ఇంకా పూర్తిగా ఆగకముందే రాష్ట్ర రవాణా మంత్రి డాక్టర్ ఎంగెల్‌బెర్ట్ మోస్‌హామర్ గారు చారిత్రాత్మకమైన ప్రకటన ఒకటి చేశారు.

"నాలుగేళ్ల కింద మన రాష్ట్రం ఒక ఇంజనును లీజుకు తీసుకుంది. ఈ నాలుగేళ్లలో అది ఒక్కసారీ చెడిపోలేదు. ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. దాని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. దాని అందుబాటు నూటికి నూరు శాతం! ఐరోపా అద్దె ఇంజన్ల సమాఖ్య వారు మన హెడ్విగ్‌ను ఖండంలోకెల్లా నమ్మకమైన ఇంజనుగా ఎంపిక చేయబోతున్నారు. ఇలాంటి ఇంజను జర్మన్లకు లేదు. స్విస్ వాళ్లకు కూడా లేదు!"

స్విస్ వాళ్లకు లేదనేసరికి చప్పట్లు మారుమోగాయి. ఫాదర్ గారు హెడ్విగ్ ముక్కు మీద పవిత్ర జలం ఇంకోసారి చల్లారు. హెడ్విగ్ అనేది మంత్రి గారి అత్తగారి పేరు. ఆవిడ కూడా అక్కడే కుర్చీలో కూర్చుని, ఎర్రగా మెరిసిపోతున్న ఇంజను వైపు కూతురి పెళ్లి చూస్తున్నట్టు చూస్తోంది.

జనం వెనక, షెడ్డు తలుపుకు ఆనుకుని, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడింది ఒటీలియా ప్రాంట్నర్. టాన్‌గ్రాబెన్ ఇంజను షెడ్డుకు ఆవిడే మేస్త్రి. యాభై నాలుగేళ్ల మనిషి. కింద పదకొండు మంది పనివాళ్లు. హెడ్విగ్‌కు నూనె వేసేదీ, బోల్టులు బిగించేదీ, నెలకోసారి ఒళ్లు కడిగేదీ వీళ్లే. మంత్రి గారు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదని ఆవిడకు తెలుసు. హెడ్విగ్ ఒక్కసారీ చెడిపోలేదు. ఎందుకు చెడిపోతుంది? ఒక్కసారి కదిల్తే కదా! ఈ ఊరికి వచ్చిందైనా ఇంకో ఇంజను వెనక కట్టించుకునే వచ్చింది.

ఇందులో కిటుకు చాలా తేలిక. అద్దె ఇంజను అందుబాటును లెక్కకట్టేటప్పుడు, అద్దెకు తీసుకున్నవాళ్లు ఎన్ని గంటలు కావాలని అడిగారు, అందులో ఎన్ని గంటలు ఇంజను సిద్ధంగా ఉంది అనేదే చూస్తారు. అడగని గంటలు లెక్కలోకి రావు. రాష్ట్రం తరఫున అడిగే అధికారం ఒక్క మంత్రి గారి పేషీకే ఉంది. పేషీ నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఏమీ అడగనప్పుడు శాతం ఎంతవుతుందని ఒటీలియా ఒకసారి వియన్నాలోని లీజు కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంది. "మా కంప్యూటరు నూరు అంటోందండి" అన్నారు వాళ్లు. కంప్యూటరే అన్నాక ఇక మాటేముంది.

సభ ముగిసి జనం హామ్ బన్నుల వైపు కదిలారు. కలప కోతమిల్లు యజమాని సెవెరిన్ లాక్నర్ గుంపును తోసుకుంటూ ఒటీలియా దగ్గరికి వచ్చాడు. పెద్ద మనిషి, చొక్కా నిండా రంపం పొట్టు.

"విన్నావా మేస్త్రమ్మా? స్విస్ వాళ్లకు కూడా లేదట."

"వాళ్లకెక్కడిది? వాళ్ల ఇంజన్లు నడుస్తాయి, పాపం."

"నవ్వకు. ఇవాళ తారీకెంతో తెలుసా? ఇంకా ఆరు రోజులే."

ఒటీలియాకు తెలియకేం. పన్నెండు నెలలు ఒక్క బండి కూడా నడవని లైనును మూసెయ్యాలని రూలు. సెవెరిన్ వేరే కంపెనీ దగ్గర అద్దెకు తెచ్చుకున్న పాత డీజిలింజను కిందటేడు సెప్టెంబరు ముప్పైన చివరిసారి కలప లాగింది. ఆ రోజే గడువు తీరి అటునుంచి అటే వెళ్లిపోయింది. అప్పట్నుంచి టాన్‌గ్రాబెన్ నుంచి ఓబర్‌ఫెల్డ్ జంక్షను దాకా పధ్నాలుగు కిలోమీటర్ల పట్టాల మీద గడ్డి తప్ప ఇంకేదీ కదల్లేదు. ఈ ముప్పై దాటితే లైను పోతుంది. లైను పోతే మిల్లు కలప లారీల పాలు. షెడ్డుకు ఇంజను వచ్చే దారీ ఉండదు. అంటే షెడ్డూ పోతుంది, పదకొండు మంది ఉద్యోగాలూ పోతాయి.

"పద, కోగ్లర్‌ను అడుగుదాం" అంది.

మంత్రి గారి పేషీ అధికారి వెండెలిన్ కోగ్లర్ బన్ను కొరుకుతూ నిలబడ్డాడు. ఎమ్మే చదివినవాణ్ని మాగిస్టర్ అనాలి మా దేశంలో. అనకపోతే వాళ్ల చెవులు పనిచేయవు.

"కోగ్లర్ గారూ" అన్నాడు సెవెరిన్.

ఆయన బన్ను కొరికాడు.

"కోగ్లర్ గారూ!"

ఇంకోసారి కొరికాడు.

"మాగిస్టర్ కోగ్లర్ గారూ."

"ఓ! లాక్నర్ గారా! మీ దరఖాస్తు చూశాను. చాలా బాగా రాశారు. తిరస్కరించాం."

"ఆరంటే ఆరు వ్యాగన్ల కలపండీ. పధ్నాలుగు కిలోమీటర్లు. ఇంజను చూస్తే ఇదిగో, ఇక్కడే నిలబడి ఉంది."

"చూశారా! మీరు ఎప్పుడొచ్చి చూసినా అది అక్కడే ఉంటుంది. నమ్మకం అంటే అదే."

ఒటీలియాకు ఒళ్లు మండింది. "బండి నడవకపోతే ముప్పైన లైను మూసేస్తారు. అది మీకూ తెలుసు కదా మాగిస్టర్ గారూ?"

"తెలుసు. చాలా బాధగా ఉంది."

"ఇంజను ఇవ్వండి. బాధ పోతుంది."

"అమ్మా, ఇస్తే కదులుతుంది. కదిలింది ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదు, మీకూ తెలీదు. నాలుగేళ్ల రికార్డు కూడా ముప్పైతోనే పూర్తవుతుంది. ఈ ఆరు రోజులూ దానికి గాలి కూడా తగలనివ్వకండి." ఆయన మూతి తుడుచుకున్నాడు. "అన్నట్టు మంత్రి గారు రైల్వేలకు గొప్ప అభిమాని. ఆయన గదిలో నాలుగు బొమ్మ రైళ్లున్నాయి."

*

షెడ్డులోకి వచ్చి ఒటీలియా స్పానరు విసిరికొట్టింది. పనివాళ్లు తలెత్తలేదు. మేస్త్రమ్మకు కోపమొస్తే కాసేపు బోల్టుల వైపు చూడటమే మంచిదని వాళ్లకు అనుభవం.

కోపంలోనే ఆవిడ హెడ్విగ్ మెయింటెనెన్స్ పుస్తకం తీసింది. వియన్నా కంపెనీ వాళ్లది, మూడు వందల పేజీలు. ఇంజను నడిచినా నడవకపోయినా నాలుగేళ్లకోసారి బ్రేకు ప్యాడ్లు మార్చాలని అందులో ఉంది. కిందటి వారమే మార్చారు. తీసిన ప్యాడ్లు కొత్తవాటికన్నా కొత్తగా ఉన్నాయి. ఆ పేజీ కిందే సన్నటి అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. బ్రేకు ప్యాడ్లు మార్చాక ఇంజనుతో నాలుగు వందల టన్నులకు తక్కువ కాకుండా బరువు లాగించి, పది కిలోమీటర్లకు తక్కువ కాకుండా ట్రయల్ రన్ చేయించాలి.

ఒటీలియా ఆ ముక్కను రెండుసార్లు చదివింది. తర్వాత కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివింది. వెంటనే వియన్నాకు ఫోన్ చేసింది.

"చేయాల్సిందేనండి" అన్నాడు అవతల ఇంజనీరు. "షెడ్డు చేసే ట్రయల్ రన్ కాబట్టి, కావాలని అడిగినట్టు లెక్కకు రాదు. అందుబాటు శాతానికీ దానికీ సంబంధం లేదు. అయినా అక్కడ మీకు నాలుగు వందల టన్నుల బరువు దొరుకుతుందా?"

"దొరుకుతుందండి. ఆరు వ్యాగన్లు. కాస్త దేవదారు వాసన వేస్తాయి."

"ఏ వాసనేస్తే నాకెందుకు! రిపోర్టు పంపండి, చాలు."

చూశారా! అడిగినట్టు కాదు కాబట్టి మంత్రి గారి నూరు శాతం క్షేమం. బండి నడిచినట్టే కాబట్టి లైనూ క్షేమం. షెడ్డు మేస్త్రికి ట్రయల్ రన్ నడిపే లైసెన్సు ఎటూ ఉంటుంది. ఇంత కమ్మటి రూలు రాసినవాడు ఎవడో గానీ వాణ్ని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది ఒటీలియాకు.

ఇరవై ఏడో తారీకు, శుక్రవారం, ఉదయం ఎనిమిదింటికి హెడ్విగ్ పైకప్పు మీది చెయ్యి లేచి తీగను అందుకుంది. ఆరు వ్యాగన్లు వెనక తగిలించారు. సెవెరిన్ కూడా క్యాబులోకి ఎక్కాడు.

"నువ్వెందుకు?"

"బరువు కోసం. నూట పది కిలోలున్నాను."

ఒటీలియా హ్యాండిల్ తిప్పింది. నాలుగేళ్లుగా నిలబడ్డ ఇంజను. ఎక్కడ మొరాయిస్తుందో అని చెవి ఒగ్గి వింది. హెడ్విగ్ చిన్నగా మూలిగింది, తర్వాత ఏమీ ఎరగనట్టు మెత్తగా కదిలింది. చక్రాల కింద ఏడాది గడ్డి నలిగి పచ్చి వాసన వచ్చింది. షెడ్డు ముందు నిలబడ్డ పదకొండు మందీ టోపీలు గాల్లోకి విసిరారు. ఒటీలియాకు తెలియకుండానే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఏడుస్తున్నావా మేస్త్రమ్మా?"

"దేవదారు వాసన పడదు నాకు. నోరు మూసుకుని ముందు చూడు."

దారి పొడుగునా జనం. పాలు పితికేవాళ్లు బకెట్లు వదిలేసి వచ్చారు. బడి పిల్లల్ని టీచరే బయటికి తెచ్చింది. అందరి చేతుల్లో ఫోన్లు. ఏడో కిలోమీటరు దగ్గర లెవెల్ క్రాసింగు గేటు పడలేదు. ఏడాదిగా వాడకపోవడంతో దాని కరెంటు పెట్టెలో కందిరీగలు కాపురం పెట్టాయి. సెవెరిన్ దిగి పెట్టె తలుపు తీశాడు, చెవి మీద కుట్టించుకుని గంతులు వేశాడు, చివరికి గేటు పడింది. జంక్షను చేరేసరికి తొమ్మిది నిమిషాలు ఆలస్యం. ఒటీలియా పట్టించుకోలేదు. ట్రయల్ రన్నుకు ఆలస్యం ఏమిటి?

ఓబర్‌ఫెల్డ్ జంక్షనులో రెండో ప్లాట్‌ఫారం మీద మంత్రి గారు నిలబడి ఉన్నారు.

రైలుకన్నా ముందు ఫోన్లోని వీడియో వెళ్లింది మరి. పావుగంటలో పదివేల మంది లైకు కొట్టారు. పదివేల మంది ఇష్టపడ్డ చోట కాలు పెట్టకుండా ఉండటం మంత్రి గారి వల్ల కాదు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక టీవీ కెమెరా, వాటి వెనక మాగిస్టర్ కోగ్లర్.

"ప్రజలారా!" అన్నారు మంత్రి గారు, ఒక చెయ్యి హెడ్విగ్ మీద వేసి. "ఈ బండి నడవాలని స్వయంగా నేనే అడిగాను! అడగ్గానే హెడ్విగ్ వచ్చింది!"

"అయ్యా, ఇది ట్రయల్ రన్ అండీ" అంది ఒటీలియా కిటికీలోంచి.

"వినయం చూడండి! మన కార్మికుల వినయం!"

విలేఖరి ఒకడు స్టేషను గడియారం చూశాడు. "ఎనిమిదీ ఇరవై ఐదుకు రావాలి కదండీ? ముప్పై నాలుగు అయిందే?"

కోగ్లర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రి గారి చెవి దగ్గరికి వంగాడు. గుసగుసే అయినా ఇంజను కిటికీ సరిగ్గా వాళ్ల తలల మీదే ఉంది, ఒటీలియాకు అంతా వినబడింది.

"మీరు అడిగారంటే ఇది లెక్కలోకి వచ్చేస్తుందండి. తొమ్మిది నిమిషాలు లేటు. అడిగినదే ఒక్క గంట, అందులో తొమ్మిది నిమిషాలు. శాతం ఎనభై ఐదుకు పడిపోతుంది. సమాఖ్య వాళ్లు..."

"అయితే నేను అడగలేదు."

"కెమెరా ముందు అన్నారండి."

"ఆ మేస్త్రి ఏదో అంటోందే, ట్రయల్ అని. అదే అందాం."

"ట్రయల్ ఎందుకు చేశారంటారు. బ్రేకులు మార్చామనాలి. నూరు శాతం ఇంజనుకు బ్రేకులెందుకు మార్చారంటారు."

మంత్రి గారు ఆలోచించారు. నాయకుడికీ మామూలు మనిషికీ తేడా ఇలాంటి క్షణంలోనే తెలుస్తుంది. ముప్పావు నిమిషంలో తేల్చేశారు.

"అయితే బండి రాలేదు."

కోగ్లర్ ఇంజను వైపు చూశాడు. ఆరు వ్యాగన్ల వైపు చూశాడు. తర్వాత జేబులోంచి డైరీ తీసి ఆ మాట రాసుకున్నాడు.

*

సాయంత్రానికల్లా పత్రికలకు ప్రకటన వెళ్లింది. "శుక్రవారం ఓబర్‌ఫెల్డ్ జంక్షనులో రైలు కనిపించిందన్న వదంతులను రవాణా శాఖ ఖండిస్తోంది. హెడ్విగ్ తన షెడ్డులో క్షేమంగా ఉంది." ఇది రాసే వేళకు హెడ్విగ్ నిజంగానే షెడ్డుకు తిరిగి వచ్చేసింది కాబట్టి రెండో వాక్యాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

సెవెరిన్ ఊరుకోలేదు. ఫోన్ చేశాడు.

"మాగిస్టర్ గారూ, కలప ఇటలీ చేరింది. చేరినట్టు వాళ్లు మెయిలు పంపారు."

"ఇటలీ వాళ్ల మాటలు మీరు నమ్ముతారా?"

"వీడియో ఉంది కదండీ!"

"ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏనుగును కూడా ఎగిరిస్తున్నారు."

"నా చెవి ఎంత వాచిందో వచ్చి చూడండి! క్రాసింగు దగ్గర కందిరీగ కుట్టింది!"

"కందిరీగ ఎక్కడైనా కుడుతుంది లాక్నర్ గారూ. వెనిగర్ రాయండి."

ముప్పయ్యో తారీకున ఒటీలియా ఆదివారం చర్చికి కట్టే మంచి బట్టలు కట్టుకుని రాష్ట్ర రాజధానికి వెళ్లింది. బ్యాగులో రాజీనామా ఉంది. రాత్రంతా కూర్చుని రాసింది. బండి నడవలేదని తన చేత సంతకం పెట్టిస్తారని, పెట్టకపోతే బెదిరిస్తారని, అయినా పెట్టకూడదని ఒట్టు పెట్టుకుంది. బస్సులో దారి పొడుగునా చెప్పవలసిన మాటలు వల్లించుకుంది.

కోగ్లర్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. కాఫీ, పక్కన గ్లాసుడు నీళ్లు తెప్పించాడు.

"నేను సంతకం పెట్టను" అంది ఒటీలియా కూర్చోకుండానే.

"దేని మీదమ్మా?"

"బండి నడవలేదన్న కాగితం మీద. నడిపింది నేను. ఈ చేతులతో నడిపాను. ఉద్యోగం పోయినా సరే, పెట్టను."

కోగ్లర్ ఆశ్చర్యపోయాడు. "నడవని బండికి డ్రైవరెక్కడుంటుంది? డ్రైవరే లేనప్పుడు సంతకం ఎవర్నడుగుతాం? మిమ్మల్ని మేమేమీ అడగలేదే!"

ఒటీలియా వల్లించుకున్న మాటల్లో ఇది లేదు. బ్యాగు తెరిచి రాజీనామా బల్ల మీద పెట్టింది. ఆయన శ్రద్ధగా చదివాడు.

"'నడిచిన రైలును నడవలేదన్నందుకు నిరసనగా' అని రాశారు. చక్కటి చేతిరాత. కానీ నడిచిన రైలంటూ ఏదీ లేదు కాబట్టి కారణం లేదు. కారణం లేని రాజీనామా రూలు ప్రకారం చెల్లదు." కాగితం తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. "నమ్మకమైన ఇంజనుకు నమ్మకమైన మేస్త్రి. మంత్రి గారికి మీరంటే చాలా గౌరవం. కాఫీ చల్లారుతోంది, తాగండి."

ఒటీలియా తాగింది. కాఫీ నిజంగానే బాగుంది. అదే ఆవిడకు మరీ కడుపుమంటగా ఉంది.

మర్నాడు, అక్టోబరు ఒకటిన, పన్నెండు నెలలుగా ఒక్క రైలూ నడవని కారణంగా టాన్‌గ్రాబెన్ లైను మూసేస్తున్నట్టు మంత్రి గారు ఊరి స్టేషనులో అదే ప్లాట్‌ఫారం మీద ప్రకటించారు. రెండుసార్లు కళ్లు ఒత్తుకున్నారు. "ప్రజలు రైలును వాడుకోకపోతే ప్రభుత్వం మాత్రం ఏం చేయగలదు?" అన్నారు. బ్యాండు విషాద గీతం వాయించింది. పదిహేనో తారీకున ఆయన సమాఖ్య సభకు వెళ్లి బహుమతి తెచ్చుకున్నారు. ఇత్తడి ఇంజను బొమ్మ. అది కూడా కదలదు.

*

పట్టాలు పీకే కాంట్రాక్టు ఒక కంపెనీకి దక్కింది. పీకిన పట్టాలను మోసుకెళ్లడానికి రైలు కావాలి, రైలుకు ఇంజను కావాలి. కంపెనీవాళ్లు పేషీకి దరఖాస్తు పెట్టారు. కోగ్లర్ అరగంటలో మంజూరు చేశాడు. నాలుగేళ్ల రికార్డు పూర్తయింది, బహుమతి వచ్చేసింది, ఇక హెడ్విగ్‌కు గాలి తగిలితే నష్టమేమీ లేదు. ప్రభుత్వం హెడ్విగ్‌ను అధికారికంగా అడగడం అదే మొదటిసారి.

ఉత్తర్వు చూసి ఒటీలియా కోగ్లర్‌కు ఫోన్ చేసింది.

"మాగిస్టర్ గారూ, జంక్షను వైపు నుంచి పీకమని రాశారు. అలా చేస్తే పీకిన పట్టాలన్నీ ఇక్కడికే చేరతాయి, ఇంజను కూడా ఇక్కడే ఇరుక్కుంటుంది. ఇటునుంచి మొదలుపెట్టి అటు వెళ్లమనండి."

"కిలోమీటరు సున్నా ఎక్కడుందమ్మా?"

"జంక్షనులో."

"పధ్నాలుగు?"

"ఇక్కడ."

"సున్నా నుంచి పధ్నాలుగు దాకా అని టెండరులో ఉంది. పధ్నాలుగు నుంచి సున్నా దాకా అంటే అది వేరే టెండరు. అయినా హెడ్విగ్ ఎక్కడుంటే ఏం, అందుబాటులోనే ఉంటుంది కదా."

ఇరవై మూడు రోజులు హెడ్విగ్ పనిచేసింది. అబ్బ, ఏం పనిచేసిందనుకున్నారు! పొద్దున్నే ఏడింటికి బయల్దేరేది, సాయంత్రం తాను వెళ్లిన దారినే వ్యాగన్ల మీద వేసుకుని వచ్చేది. ఒక్క నిమిషం ఆలస్యం లేదు. కందిరీగల పెట్టెను కూడా తనే మోసుకొచ్చింది. రోజురోజుకూ దారి తగ్గుతోంది కాబట్టి రోజురోజుకూ ఇంకా తొందరగా వచ్చేది. షెడ్డు వాళ్లు చక్రాలు తుడిచి, బోల్టులు చూసి, మర్నాటికి సిద్ధం చేసేవాళ్లు. ఇంత చక్కగా పనిచేసే ఇంజనుకు ఈ పనా అని ఒటీలియా ప్రతి సాయంత్రం కుమిలిపోయేది. మంత్రి గారు మాత్రం టీవీలో ఛాతీ విరిచి చెప్పారు: "హెడ్విగ్ నడవదన్న వాళ్లకు ఇదే నా జవాబు!"

ఇరవై నాలుగో రోజుకు షెడ్డు ముందు నలభై మీటర్ల పట్టాలు, వాటికి కలిసే మిల్లు పక్కదారి, దాని మీద ఆరు ఖాళీ వ్యాగన్లు మిగిలాయి. కరెంటు తీగలు పధ్నాలుగు కిలోమీటర్లూ అలాగే ఉన్నాయి. తీగల టెండరు వేరు.

అప్పుడు సెవెరిన్‌కు తిక్క రేగింది. రూళ్ల పుస్తకం తెచ్చి ఒటీలియా ముందు పడేశాడు.

"ఇది చూడు. మూసివేత ఉత్తర్వు ముప్పై రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఈలోగా ఒక్క రైలు నడిచినా ఉత్తర్వు రద్దు. రైలు నడిచిందా లేదా? ఇరవై మూడు రోజులు నడిచింది! ఈసారి వాళ్ల కాగితాల్లోనే ఉంది!"

"పట్టాలు పీకిన రైలురా అది!"

"ఏ రైలైతేనేం? రూలులో ఫలానా రైలని ఉందా? దరఖాస్తు పెడతాను. ఏమంటాడో చూద్దాం. వాడి మొహాన కొట్టినట్టుంటుంది."

వారంలో జవాబు వచ్చింది. సెవెరిన్ వాదన పూర్తిగా న్యాయమైనదని, మూసివేత ఉత్తర్వు రద్దయిందని, టాన్‌గ్రాబెన్ లైను మరో ఏడాదిపాటు తెరిచే ఉంటుందని, ఈ సందర్భంగా శుభాకాంక్షలని కోగ్లర్ రాశాడు. అంతేకాదు, లాక్నర్ గారి పాత దరఖాస్తును కూడా సానుభూతితో పరిశీలించి మంజూరు చేశారు. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు హెడ్విగ్ ఆరు వ్యాగన్ల కలపతో బయల్దేరుతుంది.

సెవెరిన్ ఆ ఉత్తరాన్ని షెడ్డుకు తెచ్చి ఒటీలియా చేతిలో పెట్టాడు. "మేస్త్రమ్మా, వీళ్లు నన్ను గెలిపించారు" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అని అడిగారు షెడ్డు పనివాళ్లు.

ఒటీలియా కిటికీలోంచి నలభై మీటర్ల పట్టాలు చూసింది. ఆ పదకొండు మంది మొహాలు చూసింది. లైను తెరిచి ఉన్నంతకాలం షెడ్డు ఉంటుంది. షెడ్డు ఉంటే వీళ్లుంటారు.

"ఇంజను సిద్ధం చెయ్యండి" అంది.

సోమవారం మంత్రి గారు వచ్చారు. బ్యాండు వచ్చింది. ఫాదర్ గారూ వచ్చారు. "పోయిందనుకున్న లైనును తిరిగి తెచ్చాను!" అన్నారు మంత్రి గారు. సరిగ్గా ఎనిమిదింటికి పచ్చజెండా ఊపారు. హెడ్విగ్ ఆరు వ్యాగన్లతో మెత్తగా కదిలి, పట్టాలు ఉన్నంత మేర వెళ్లి, పట్టాల కింది చివరి చెక్కను ఒక్క చక్రం కూడా దాటకుండా ఆగింది.

"ఎంత సరిగ్గా ఆగిందో చూశారా!" అన్నారు మంత్రి గారు. చప్పట్లు మోగాయి. తర్వాత అందరూ హామ్ బన్నుల వైపు వెళ్లిపోయారు. సెవెరిన్ మాత్రం వ్యాగన్ల పక్కన టోపీ తీసి నిలబడ్డాడు.

ఒటీలియా క్యాబులోనే ఉండిపోయింది. ముందు అద్దంలోంచి రాళ్లు, రాళ్ల మీద అప్పుడే మొలుస్తున్న గడ్డి. అరగంట గడిచాక ఫోన్ మోగింది. ఓబర్‌ఫెల్డ్ జంక్షను మాస్టరు.

"మేస్త్రమ్మా, కాగితం ప్రకారం నీ బండి ఎనిమిదీ ఇరవై ఐదుకు వచ్చి నా రెండో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. అదే ప్లాట్‌ఫారం మీదికి ఇటలీ బండిని తీసుకోవాలి. నీదాన్ని కాస్త పక్కకు తీస్తావా?"

ఒటీలియా హ్యాండిల్ మీద చెయ్యి వేసింది.

"తీశాను" అంది.

"ఆ, ఇప్పుడు ఖాళీ అయింది" అన్నాడు జంక్షను మాస్టరు. "థాంక్సు మేస్త్రమ్మా."